లహరికి చెప్పకుండా వాళ్ళమ్మని బస్సెక్కించాం

హలో, వినపడుతుందా అండీ? నందిగామ నుంచి మాట్లాడుతున్నా. పనిలో ఉంటే ఆ పని చేసుకుంటూనే వినండి.

మా అమ్మాయి మనోజ్ఞది బెంగుళూరులో ఉద్యోగం. ఇంట్లోంచి పని ఆపేసి ఆఫీసుకి రమ్మన్నారు. అల్లుడివేమో షిఫ్టులు. అందుకని ఏడాదిన్నర పిల్ల లహరిని మా దగ్గర వదిలింది. బయల్దేరే రోజు "చెప్పి వెళ్తా నాన్నా" అంది.

"చెబితే కాళ్ళకి చుట్టేసుకుంటుంది. ఏడుపు మధ్య ప్రయాణమేంటే!" అని మా ఆవిడ ప్రేమకుమారి కసిరి, నా వైపు తిరిగింది. "మీరు పిల్లకి మేకల్ని చూపించుకు రండి. ఈలోపు ఇది వెళ్ళిపోద్ది."

మన ఇళ్ళల్లో అందరం చేసేదే కదండీ. ఎత్తుకెళ్ళా. మేక "మే" అంటే పిల్లా "మే" అంది. నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

లహరి మంచం కింద చూసింది. తలుపుల వెనక చూసింది. ఏడవలేదండి.

"చూసారా, ఎంత బుద్ధిమంతురాలో" అంది మా ఆవిడ. నేనూ అలాగే అనుకున్నా.

మర్నాటి నుంచి నేనెత్తుకుని గేటు దాటితే చాలు, గుక్కపట్టి ఏడుపు. మా ఆవిడ పెరట్లోకెళ్ళినా కొంగు వదలదు. వచ్చిన నాలుగు మాటలూ మానేసింది. వీడియో కాల్లో వాళ్ళమ్మ కనపడితే ఫోన్ బోర్లా పెట్టేస్తుంది.

జగ్గయ్యపేటలో పిల్లల డాక్టరుకి చూపించాం. "ఏదైనా మందు రాయండి సార్" అన్నా.

"మందు లేదండి. కళ్ళముందున్న మనిషి మాయమైపోయింది కదా, ఇంకెవరు పోతారోనని పాప భయం. ఏడిస్తే ఏడవనివ్వండి, చెప్పే వెళ్ళండి."

మూడో నెల మనోజ్ఞ వచ్చింది. చేతులు చాపితే లహరి మా ఆవిడ వెనక్కి పోయింది.

"నన్ను మర్చిపోయిందా నాన్నా?"

రెండో రోజు సాయంత్రానికి ఒళ్ళోకెళ్ళింది. ఇక దిగలేదు. మనోజ్ఞ స్నానానికెళ్తే తలుపు దగ్గరే కూర్చుంది. ఉద్యోగం మానెయ్యమ్మా అందామనుకున్నా, నోరు రాలేదు. ఆ ఉద్యోగం కోసం వెంటపడి చదివించింది నేనేగా.

నిన్న చెప్పే వెళ్ళింది. గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మ ఆఫీసుకెళ్ళి మళ్ళీ వస్తుంది" అంది. లహరి చున్నీ పట్టేసుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది నేనేనండి. ఆటో వెళ్ళిపోయింది. వాంతయ్యేదాకా ఏడ్చింది పిల్ల.

"అమ్మ వస్తుంది తల్లీ" అన్నా. నా మొహంలోకి చూడలేదు. ఇప్పుడు నేను నిజమే చెబుతున్నానని దానికెలా తెలుస్తుందండీ?

మీకు తెలిసినవాళ్ళెవరైనా పసిపిల్లని వదిలి బయల్దేరుతుంటే, వాళ్ళు బస్సెక్కకముందే ఈ కథ పంపించండి.