చిన్న ఈరన్న రాజీనామా

భార్య జ్ఞానమణి పోయిన ఆరు నెలలకు ఆనందం అయ్యవారు తన వాళ్లెవరో వెతుక్కుంటూ పత్తికొండకు బయలుదేరాడు. అది 1931, ఎండలు ముదరకముందు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు ఉంటాయని, పెంచిన క్రైస్తవ మిషను వాళ్లు వేసిన లెక్క. కర్నూలు పక్కనున్న కల్లూరు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానుకున్నాడు. పిల్లలు లేరు. భార్య ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఇంకో గొంతు ఉండేది. ఆమె పోయాక, సాయంత్రాలు తాళం తీసి కూడా లోపలికి పోబుద్ధి కాక గడప దగ్గరే కాసేపు నిలబడేవాడు.

1877 నాటి ధాత కరువులో పత్తికొండ గంజి కేంద్రం దగ్గర దొరికిన పిల్లల్లో ఆయనొకడు. అప్పటికి నాలుగేళ్లు. మిషను వాళ్లు బండ్లలో తీసుకుపోయి పెంచారు, పేరు పెట్టారు, చదివించారు. వాళ్ల పుస్తకంలో ఆయన గురించి ఉన్నది ఒకటే వరుస: బండమీదిపల్లె చిన్న ఈరన్న కొడుకు. ఇరవయ్యో ఏట ఆ వరుస చూసి ఊరుకున్నాడు. తల్లీ తండ్రీ కరువులోనే పోయారని అందరూ చెప్పారు. లేనివాళ్ల కోసం ఊరు వెతుక్కుంటూ పోవడమెందుకనుకున్నాడు. ఇప్పుడు మాత్రం, వాళ్ల ఊరి మట్టి అయినా చూడాలనిపించింది.

తాలూకా కచేరీలో పాత కాగితాల గది మౌలా సాహెబ్ చేతిలో ఉండేది. గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ. ఆనందం పెట్టుకున్న అర్జీ చదివి, ఏమీ అడక్కుండా బండమీదిపల్లె దస్తరం దించి, ఎర్రగుడ్డ ముడి విప్పాడు.

"మీ నాయనకు పట్టా ఉంటే ఈడ ఉంటాడు ఐవారూ. సంతకం రాని రైతు, కరణం రాసిన పేరు పక్కన నిశానీ గీస్తాడు. సేద్యగాడైతే నాగలి, కుమ్మరైతే చక్రం. నలభై ఏండ్లుగా చూస్తాండా. ఇద్దరు గీసిన నాగండ్లు ఒక తీరుగా ఉండవు."

మధ్యాహ్నం దాకా వెతికితే చిన్న ఈరన్న మూడు కాగితాల్లో దొరికాడు. అవి కరువుకు ముందు మూడేళ్లు సర్కారుకు రాసిచ్చిన ఒప్పందాలు. మూడింట్లోనూ నాగలి గుర్తే. మేడి పిడి దగ్గర సిరా ముద్దకట్టి ఉంది.

"కలం గట్టిగా అదిమే చెయ్యి" అన్నాడు మౌలా సాహెబ్. "బలమున్న మనిషి."

ఆనందం ఆ సిరా ముద్ద వైపు చాలాసేపు చూశాడు. తండ్రి గురించి ఆయన విన్న మొదటి మాట అది.

నాలుగో కాగితం రాజీనామా. సేద్యం చేసే శక్తి లేక ఆరెకరాల మెట్ట సర్కారుకు వదులుకుంటున్నానని రాసి ఉంది. కింద 'చిన్న ఈరన్న నిశానీ' అని ఉంది. తేదీ 1879. ఆనందం దాన్ని రెండుసార్లు చదివాడు.

"కరువు పోయిన రెండేండ్లకు కూడా బతికే ఉన్నాడు" అన్నాడు.

మౌలా సాహెబ్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"బతికుండి నా కోసం రాలేదు. భూమిని వదులుకున్నట్టే నన్నూ వదులుకున్నాడు."

ఆయన లేచి వరండాలోకి పోయి బల్ల మీద కూర్చున్నాడు. నాన్న చచ్చిపోయాడని నమ్మిన యాభై ఏళ్లూ ఆయన మీద కోపం లేదు. ఇప్పుడు వచ్చింది. ఆ కోపం చెప్పుకోవడానికైనా ఇంట్లో జ్ఞానమణి లేదు. కర్నూలు బస్సు ఎప్పుడో కనుక్కుందామని లేవబోతుంటే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఐవారూ, ఒక్కసారి ఇట్లా రాండి."

మౌలా సాహెబ్ కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి, భూతద్దం ఆనించి చూస్తున్నాడు.

"మీరు పేరు చదివినారు, గుర్తు చూడల్యా. ఇది నాగలి కాదు."

ఆనందం వంగి చూశాడు. సున్నా లాంటి గీత. పైన ఒకచోట కొసలు కలవలేదు.

"ఇది గాజు. ఆడమనిషి పెట్టింది. పట్టా మొగుని పేరున ఉంటే కరణం ఆ పేరే రాసినాడు, ఆమె గుర్తు గీసింది. కొసలు కలపల్యా చూడండి. మొగుడు పోయినోళ్లు గాజును ఇట్ల పగిలినట్టు గీస్తారు. ఇట్లాంటివి ఇంకో నాలుగైదు చూసినా."

"అంటే..."

"మీ నాయన అప్పటికే ల్యాడు. ఆ పొద్దు కచేరీకి వచ్చింది మీయమ్మ."

మౌలా సాహెబ్ తన ముక్కాలిపీట ఆయన వైపు జరిపి, కుండలో నీళ్లు ముంచి తెచ్చి పక్కన పెట్టాడు.

మరునాడు ఎద్దుబండిలో బండమీదిపల్లెకు పోయాడు. ముప్పై ఇళ్లకు మించని ఊరు. కరువు నాటి సంగతి తెలిసిన మనిషి భీమక్క ఒక్కతే మిగిలిందని చెప్పి ఆమె ఇల్లు చూపించారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతోంది. ఆయన ఎవరో చెప్పాక చేట కింద పెట్టేసింది.

"హులిగెమ్మ కొడుకువా?" అంది. "మా ఇంటి పక్కిల్లే అప్పా మీది. గంజికాడ మీ నాయన పోయినాడు. మీయమ్మకు వాంతులు భేదులు పట్టుకుంటే రోగిష్టోళ్ల కొట్టంలో పండబెట్టినారు. పది దినాలకు లేచి వచ్చి చూస్తే నువ్వు ల్యావు. పిల్లోళ్లను బండ్లలో ఎక్కించుకుపోయినారన్నారు. యాడికో ఎవురూ చెప్పల్యా."

"వెతకలేదా?"

"ఎందుకు వెతకల్యా? నందికొట్కూరు దాకా నడిచి పోయింది. కర్నూలుకు రెండుతూర్లు పోయింది. ఎవురినడగల్లో తెల్యాలా అప్పా. భూమి ఇడిసిపెట్టి కూలికి పోయేది. సంత దినం మాత్రం కూలికి పొయ్యేది కాదు. పత్తికొండకు పోయి నీ ఈడు పిల్లోళ్ల మొగాలు చూస్తా కూర్చునేది. నీకు పెండ్లి ఈడు వచ్చిందని, మీసాలు వచ్చింటాయని, ఏటికేడు లెక్క పెట్టుకునేది."

"ఎప్పుడు పోయింది?"

"ఆ జ్వరాల ఏడు."

అంటే 1918. పదమూడేళ్ల కిందటి దాకా ఉంది. బడి పని మీద ఆనందం పత్తికొండకు రెండుసార్లు వచ్చాడు కూడా. సంత రోజో కాదో గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఒక రావిచెట్టూ, ఒక పరీక్ష కాగితాల కట్టా తప్ప ఏమీ తట్టలేదు.

తల్లి ఉన్న ఇంటి చోటు చూపించింది భీమక్క. గోడలు పడిపోయి, తంగేడు మొలిచింది. ఆయన చెప్పులు విప్పి ఆ మట్టిలో నిలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు. చివరికి అడగాలనుకున్న మాట అడిగాడు.

"నన్ను ఏమని పిలిచేది?"

భీమక్క నోరు తెరిచి, ఆగిపోయింది.

"దినామూ అనేదే... నోట్లోనే ఉండాదప్పా. బయటికి రాదు." కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. "లింగా అనా? కాదు, లింగడు మా తమ్ముడు. ఉండు, ఉండు."

పొద్దు వాలేదాకా ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆమెకు గుర్తు రాలేదు. వచ్చే వారం వస్తానన్నాడు, వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. కల్లూరు నుంచి రెండు బస్సులు, ఒక బండి. ఒకసారి ఆమె రామప్ప అంది, ఇంకోసారి తిక్కన్న అంది. రెంటినీ తనే కాదని కొట్టేసింది. పేరు బదులు వేరే సంగతులు చెప్పేది. హులిగెమ్మకు గోంగూరంటే ఇష్టమని, కలుపు తీస్తూ పాడేదని, పిల్లులంటే భయమని. ఆనందం అవి విని వెళ్లిపోయేవాడు.

వానలు పడ్డాక పేరు సంగతి భీమక్క వదిలేసింది. బండి దిగుతున్న ఆయన్ని చూసి, గుమ్మంలోంచే కేకేసింది.

"ఏమప్పా హులిగెమ్మ కొడుకా, తడిసినావే! రా, లోపలికి రా."