లావు పైపు నీళ్ళు

ట్యూబు గుండా లేజర్ లైటు కొట్టింది ప్రశాంతి. ఎర్రగీత కనిపించలేదు.

మళ్ళీ కొట్టింది. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. లోపల నలుసులు తయారైతే వెలుగు వాటి మీద పడి గీతలా మెరవాలి. గీత లేదంటే నలుసులు లేవు. నలుసులు లేవంటే ఫెలోషిప్ లేదు.

ఆరు నెలలుగా ఆమె అనంతపురంలోని ఆ ల్యాబులో చీనీ, అంటే బత్తాయి, తొక్కల నుంచి పెక్టిన్ అనే జిగురు తీస్తోంది. దానికి క్షారం పట్టించి, నీళ్ళలో కరిగించి, రెండు చుక్కల కాల్షియం ద్రావణం వేసి గిరగిరా తిప్పితే, నీళ్ళు పీల్చి ఉబ్బే జెల్ నలుసులు కట్టేవి. ఒక్కోటి నూట ఎనభై నానోమీటర్లు, వెంట్రుక మందంలో నాలుగువందో వంతు. వేరుశనగ విత్తనానికి వాటిని పూస్తే, వాన ముఖం చాటేసిన వారం రోజులూ తేమ నిలుస్తుందని ఆమె ఆశ.

అదే ల్యాబులో పరిశోధన చేసే హర్షకు ఆ అంకెలు మింగుడుపడలేదు. రెండు చుక్కలకే నలుసులు కట్టవని, ప్రశాంతి అంకెలు వండి వారుస్తోందని పైకి అర్జీ పెట్టాడు. అది తేల్చడానికి బెంగళూరు నుంచి గంగాధర్ అనే నిపుణుడు దిగాడు. పక్క గదిలో టీ తాగుతున్నాడు. పావుగంటలో ఆయన కళ్ళ ముందు నలుసులు పుట్టాలి. ముందుగా ఒకసారి చేసి చూసుకుందామనుకుంది ప్రశాంతి. చూసుకుంది.

"ఏం ప్రశాంతీ, నలుసులు లీవు పెట్టినాయా?" తలుపు దగ్గర నిలబడి అడిగాడు హర్ష.

"నీ కంట్లో పడింటాయి. పోయి కడుక్కో పో."

అని బల్ల వైపు తిరిగింది. జిగురు నిన్నటిదే. కాల్షియం సీసా నిన్నటిదే. మరి మారిందేమిటి? బల్ల మీద ఉన్నవాటిని ఒక్కొక్కటే తాకుతూ పోయిన వేలు డిస్టిల్డ్ వాటర్ క్యాను మీద ఆగింది.

"పెద్దక్కా! ఈ నీళ్ళు యాడివి?"

గది ఊడుస్తున్న పెద్దక్క చీపురు ఆపింది. ఇరవై ఏళ్ళుగా ఆ ల్యాబుకు నీళ్ళు పట్టేది ఆమే.

"పెద్దసారొస్తాండాడని ఈ పొద్దు సన్న పైపు నీళ్ళు పట్టినా పాపా. తెల్లారి ఆరింటి నుంచి కాసుకోనుంటే ఇప్పటికి నిండె."

"మరి రోజూ?"

"లావు పైపువి. అదీ ఆ మిషన్లోంచి వచ్చేదే గదా! సన్న పైపులో చుక్క చుక్క కారేలోపల లావు పైపులో పది బకెట్లు కాలవ పాలైతాండాయి. ఈ కరువులో అన్ని నీళ్ళు పారబోస్తే కండ్లు పోతాయి. అందుకే అవే క్యాన్లోకి పడతాండా."

ప్రశాంతి స్టూలు మీద కూలబడింది. సన్న పైపులో వచ్చేది ఆవిరి చల్లారి కారే శుద్ధమైన నీరు. లావు పైపులో వచ్చేది ఆ ఆవిరిని చల్లార్చడానికి మిషను చుట్టూ తిరిగి బయటపడే బోరునీళ్ళు. అందులోనూ అనంతపురం బోరునీళ్ళు! బిందె అడుగున తెల్లగా గడ్డకట్టేది కాల్షియమే. ఇన్నాళ్ళూ నలుసుల్ని కట్టింది తన రెండు చుక్కలు కాదు, పెద్దక్క పొదుపు.

"లావు పైపువి ఒక గ్లాసుడు తేనా పాపా?" పెద్దక్క కళ్ళెగరేసింది. "సారుకేం తెలుస్తాది?"

ప్రశాంతి నోట్లో నీళ్ళూరాయి. ఒక్క గ్లాసు. గంగాధర్ సంతకం పెట్టేస్తాడు, హర్ష నోరు మూతపడుతుంది. కానీ ఆయన బెంగళూరు పోయి తన నీళ్ళతో చేసి చూస్తే?

"తే పెద్దక్కా. కొంగు చాటున గాదు, అందరి ఎదురుగానే తే."

గంగాధర్ వచ్చి కూర్చున్నాడు. మొదటి ట్యూబులో సన్న పైపు నీళ్ళు, రెండు చుక్కలు. గీత లేదు.

"నేను చెప్పలే సార్!" హర్ష పళ్ళన్నీ బయటపడ్డాయి.

రెండో ట్యూబులో లావు పైపు నీళ్ళు, అవే రెండు చుక్కలు. ఎర్రగీత భగ్గుమంది. హర్ష పళ్ళు లోపలికి పోయాయి. ప్రశాంతి దాచకుండా జరిగిందంతా చెప్పేసింది.

"అంటే డిస్టిల్డ్ వాటరని నువ్వు రాసింది అబద్ధం," అన్నాడు గంగాధర్.

"తెలీక రాసిన అబద్ధం సార్. మూడోది చూడండి. శుభ్రమైన నీళ్ళే. కాల్షియం మాత్రం ఎంత కావాలో ఇప్పుడు తేలుస్తా."

పది చుక్కలు. ఏమీ లేదు. ఇరవై. ఏమీ లేదు. గంగాధర్ వాచీ చూసుకున్నాడు. ముప్పై రెండో చుక్కకు తేట నీళ్ళలో పాలపొగ లాంటిది కదిలింది. ప్రశాంతి లేజర్ కొట్టింది. ఎర్రదారం లాగి కట్టినట్టు గీత!

ట్యూబును నలుసుల పరిమాణం కొలిచే యంత్రంలో పెట్టారు. నూట ఎనభై ఆరు. మళ్ళీ పెడితే నూట ఎనభై మూడు. మూడోసారి నూట ఎనభై ఐదు.

"నలుసులు నిజమే," అన్నాడు గంగాధర్. "ఫెలోషిప్ ఉంటుంది. కానీ ఆరు నెలల పనీ శుభ్రమైన నీళ్ళతో మళ్ళీ చెయ్యాలి. నీళ్ళు పట్టే దగ్గర నుంచి పక్కనే ఒక సాక్షి ఉండి సంతకం పెట్టాలి." అర్జీ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇంత శ్రద్ధగా అనుమానించినవాడు ఇంకెవరు దొరుకుతారు? హర్షా, నువ్వే."

"నేనా సార్?" అన్నాడు హర్ష.

మర్నాడు ఆరింటికల్లా సన్న పైపు ముందు హర్షకు పెద్దక్క స్టూలు వేసింది.

"కూకో అప్పా. నాలుగైదు గంటల్లో నిండుతాది. రెప్ప మాత్రం కొట్టగాకు, చుక్క తప్పితే సంతకానికి దోషం."