మడతపెట్టిన ఫోటో

మనిషి మొహం చూస్తే చాలు, వాళ్ల పాత నవ్వు ఎట్లుండేదో చెప్పేస్తానని నాకు భలే పొగరు. డెబ్బై తొమ్మిదిలో నంద్యాలలో పళ్ల ఆసుపత్రి పెట్టిన కొత్త. కట్టుడుపళ్లకు ఎవరొచ్చినా పాత ఫోటో తెమ్మనేవాణ్ణి. అందులో పళ్లు ఎట్లుంటే అట్లే పేర్చేవాణ్ణి.

ఆళ్లగడ్డ నుంచి హన్నమ్మ, ఆమె భర్త శాంతయ్య మేష్టరు వచ్చారు. చిగుళ్ల జబ్బుతో ఆమె పళ్లన్నీ పోయాయి. కూతురి పెండ్లి దగ్గర పడింది.

"వియ్యపురాలి ముందర కొంగు అడ్డం పెట్టుకోని యాడ నిలబడేది సార్? బిడ్డ పెండ్లిలోనన్నా నేను నవ్వాల" అంది.

మళ్లీ వచ్చినప్పుడు ఫోటో ఇచ్చింది. ఆమె మొహం ఒక్కటే కనపడేట్టు మడతపెట్టి ఉంది. నోరంతా తెరుచుకుంది. ముందుపళ్ల మధ్య సందు, పక్కపన్ను కాస్త వంకర.

"ఎంత హాయిగా నవ్వినారమ్మా!" అన్నాను. హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్లను ముందు మైనం మీద పేర్చి, నోట్లో పెట్టి చూస్తాం. నచ్చకపోతే అప్పుడే మార్చాలి. అచ్చం ఫోటోలోలాగే పేర్చి, అద్దం ఇచ్చి నవ్వమన్నాను. నవ్వింది. వెనక నుంచి అద్దంలో చూసిన మేష్టరు "మూస్కో హన్నమ్మా" అని గోడ పట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోటోకి ఏ తేడా లేదని చూపిద్దామని మడత విప్పాను.

కింద శవపెట్టె ఉంది. అందులో మీసాలు సరిగా రాని పిల్లవాడు. పెట్టె మీద పడి హన్నమ్మ ఏడుస్తోంది. ఆ ఏడుపునే కొలిచి ఆమెకు నవ్వు కట్టాను. నాకు భయం వేసింది.

"ఈ ఫోటో ఎందుకు తెచ్చినారమ్మా?"

"నా పళ్లు కనపడేది ఇంకోటి ల్యాదు సార్. మేం నవ్వుతాంటే ఫోటో తీసేదెవరు? పెట్టె మూసే ముందరే గదా ఫోటో ఆయన్ని పిలిచేది. వాడు నా కొడుకు. శ్రీశైలం డ్యాం పనికి పోయి, జరమొచ్చి పోయినాడు."

"మార్చేస్తానమ్మా. సందు మూసి, వరసగా పెడతా." మైనం కరిగించడానికి దీపం కూడా ముట్టించాను.

ఆమె చేత్తో నోరు మూసుకుంది. పళ్లు ఇవ్వలేదు.

"వద్దు సార్. ఇట్లే ఉండనీ. వాని కోసం ఏడ్చిన నోరు ఇదే గదా. చెల్లెలి పెండ్లికి వాడు రాకుంటే ఎట్లా?"

చెయ్యి తీసి, అద్దంలోకి చూసుకుంటూ మళ్లీ నవ్వింది. మేష్టరు తల తిప్పుకున్నాడు. నేనూ చూడలేకపోయాను.