నా నాలుగు కాళ్ళ మధ్య

నేను ఒక కుట్టుమిషన్ స్టాండును. కుట్టేది పైనున్న మిషన్. నాలుగు ఇనుప కాళ్ళు, ఒక తొక్కుడు పలక, ఒక చక్రం, అంతే నేను. లూధియానాలో పోతపోసి, లారీలో చీరాల తెచ్చారు.

పేద పిల్లలు బడి మానకూడదంటే ముందు తల్లికి పని ఉండాలని ఒక సేవాసంస్థ తలచింది. మంచి తలపే. సభ పెట్టి నన్నూ మిషన్‌నూ సువార్తమ్మకు ఇచ్చారు. "ఇక నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాలమ్మా" అన్నాడు సంస్థ పెద్ద ప్రకాశరావు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు చంకల్లోనూ కర్రలున్న సువార్తమ్మ కొట్టలేకపోయింది. ఫొటో నడుము నుంచి పైకే తీశారు. చిన్నప్పుడే పోలియోతో ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. తొక్కలేనని చెబితే ఇచ్చింది కూడా పట్టుకుపోతారేమోనని ఆమె నోరు మెదపలేదు.

మర్నాడు ఆమె కూతురు, ఏడో తరగతి కెజియా, నా కాళ్ళ మధ్య దూరి పలకను చేతులతో నొక్కింది. పైన తల్లి గుడ్డ జరిపింది.

"తొక్కవే!"

"చేతుల్తో తొక్కుడేందమ్మా? నొక్కవే అను."

"నీ యెటకారం తగలెయ్య! ఆపమాక, దారం తెగుద్ది."

మొదట బడి వదిలాక కూర్చునేది. జాకెట్లు ఎక్కువైన కొద్దీ బడికి ముందూ కూర్చుంది. తరవాత బడే మానేసింది. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. పిల్ల ఎదిగింది, నేను ఎదగలేదు. మెడ వంచితేగాని పట్టేది కాదు. నొక్కితే కదలడమే నా పని. నన్ను ఎందుకిచ్చారో నాకు గుర్తుంది. ఎవరికి చెప్పను?

ఒకరోజు బడి టీచరు హైమావతి గుమ్మంలోకొచ్చింది. సువార్తమ్మ చెయ్యి ఆపింది.

"పిల్ల లేదండీ. వాళ్ళమ్మమ్మ కాడికెళ్ళింది."

చక్రం ఇంకా తిరుగుతోంది. టీచరు దాన్ని చూసింది. హాజరు పిలిచే గొంతుతో "కెజియా!" అంది.

"ప్రెజెంట్ టీచర్!" అంది పిల్ల నా కిందినుంచి.

ఎవరూ నవ్వలేదు. సువార్తమ్మ చీర అంచు పైకి జరిపింది. "నా కాళ్ళు ఇయిగోనండీ. నడిచేవి దానియ్యి. ఏం చెయ్యమంటారు?"

మర్నాడు టీచరు ప్రకాశరావును వెంటబెట్టుకొచ్చింది.

"ముందే చెప్పొచ్చుగదమ్మా, చేతి మిషనే ఇచ్చేవాళ్ళం."

"మీరు అడగలేదు గదండీ."

మిషన్‌ను నా మీదనుంచి ఊడదీసి చెక్కపెట్టె మీద బిగించారు. మిషన్ పక్కనుండే చిన్న చక్రానికి పిడి పెట్టారు. ఆమె ఒక చేత్తో తిప్పుతూ ఒక చేత్తో గుడ్డ జరుపుతుంది. పని సగానికి తగ్గింది. తగ్గిన సగానికి సంస్థ నెలనెలా బియ్యం, పప్పు పంపుతోంది. కెజియా బడికి వెళుతోంది.

నేను పాత ఇనుప సామాన్ల కొట్లో ఉన్నాను. అప్పుడప్పుడు కోడి ఎక్కితే పలక ఊగుతుంది. అలవాటుగా కిందికి చూసుకుంటాను.

ఎవరూ లేరు.