వంగిన మెడ, మూడో మాస్టారు

నేను ఒక గిటార్‌ని. ఒళ్లంతా డొల్ల. అయినా గొప్పలు చెప్పుకోను. ఆ పని నన్ను పట్టుకున్నవాళ్లే చూసుకుంటారు. తంతి వాయిద్యాన్ని కనుక ఎవరు ఎప్పుడు తంతారో అన్న భయం మాత్రం పుట్టుకతోనే ఉంది.

కోల్‌కతాలో ఓ ఇరుకు కార్ఖానాలో పుట్టాను. గుడివాడలో పెళ్లి బ్యాండు నడిపే పోతురాజు చేతికి వచ్చాను. ముహూర్తాలు లేని నెలల్లో నన్ను వంటింట్లో పొయ్యి పక్కన గోడకు చేరేసేవాడు. పదకొండేళ్ల ఆ సెగకు నా మెడ కొద్దికొద్దిగా ముందుకు వంగింది. తీగలు మెడ మీది లోహపు మెట్లకు దూరంగా లేచి నిలబడ్డాయి. నన్ను నొక్కాలంటే వేళ్లు చాలవు, పట్టకారు కావాలి. పోతురాజువి సుత్తుల్లాంటి చేతులు కాబట్టి అతనికి తెలియలేదు. పొట్ట మీద అంత పెద్ద నోరున్నా నేను చెప్పుకోలేను కదా!

అలాంటి నన్ను కెజియా కొనుక్కుంది. ముప్పై తొమ్మిదేళ్ల స్టాఫ్ నర్సు. వాళ్ల చర్చిలో గిటార్ వాయించే అతనికి బదిలీ అయితే, "ఈస్టర్ ఆరాధనకి నేను వాయిస్తా" అని సంఘం అందరి ముందూ అనేసింది. వదిన సలోమి ఊరుకుంటుందా?

"ఇదేమన్నా ఇంజక్షన్ అనుకున్నావేంటే, ఒక్క పోటుతో అయిపోడానికి?"

ఈస్టర్‌కి అప్పటికి పది వారాలుంది.

మొదటి మాస్టారికి ఊళ్లో మహా పేరు. గంట క్లాసులో యాభై నిమిషాలు ఆయనే వాయించేవాడు. మిగిలిన పది నిమిషాలు కెజియాను వాయించేవాడు. రెండో మాస్టారికి గోడ నిండా సర్టిఫికెట్లు, గది నిండా ఇరవై రెండు మంది శిష్యులు. అక్కడ ఎఫ్ కార్డ్ అనే పట్టు దగ్గర కెజియా ఆగిపోయింది. ఆధార్ కార్డుకైనా ఆమె అన్నిసార్లు వేళ్లు పెట్టి ఉండదు. చూపుడువేలు అడ్డంగా ఆరు తీగల మీదా పరిచి నొక్కితే, మోగాల్సిన చోట 'టప్' మనేది.

"మీ వేళ్లు పొట్టి మేడమ్. వయసు కూడా వచ్చేసింది. హార్మోనియం చూసుకోండి" అన్నాడాయన.

ఆ సాయంత్రం కమిలిన వేళ్లు చన్నీళ్లలో ముంచి, కెజియా నాతో అంది: "ఇంకొక్క మాస్టారు. ఆయన కూడా నా వేళ్లదే తప్పంటే, నిన్ను అమ్మేసి, అందరి ముందూ చేతకాదని ఒప్పేసుకుంటా."

మూడు వారాలే మిగిలాయి. నా వంకర బయటపడకపోతే ఆమె ఓడిపోతుంది. బయటపడితే నేను పాత సామాన్లలో పడతాను. తీగలు నాకున్నా, బిగుసుకుపోవడం అంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది.

మర్నాడు తీగ ఒకటి తెగితే నన్ను తీసుకుని వాయిద్యాల షాపుకు వెళ్లింది. "మంచి మాస్టారెవరు?" అని అడగబోయి ఆగింది. ఏ డాక్టరు మందు పనిచేస్తుందో మందుల షాపువాడికి తెలుస్తుందని నర్సులకు తెలుసు.

"ఏవండీ, రెండో ఏడు కూడా తీగలు కొనుక్కోడానికి వచ్చేది ఎవరి శిష్యులు?"

షాపాయన నవ్వాడు. "ఇట్టా అడిగింది మీరేనమ్మా. మస్తాన్ మాస్టారి శిష్యులు. పదేళ్లనాటోళ్లు కూడా వస్తానే ఉంటారు."

మస్తాన్ మాస్టారు వెంటనే చేర్చుకోలేదు. "ముందు ఓ క్లాసు కూర్చుని చూడమ్మా. నచ్చితే చేరుదువుగాని." అక్కడ రిటైరైన ఆర్టీసీ డ్రైవరొకాయన ఒకే చోట ఆరుసార్లు తప్పాడు. మాస్టారు గొంతు పెంచలేదు, తను వాయించి చూపించలేదు. ఏడోసారి డ్రైవరు మోచేతిని ఓ అంగుళం జరిపాడంతే. పాట బండి మలుపు తిరిగింది. కెజియా లేచి, "చేరతానండి" అంది.

ఎఫ్ పట్టింది. టప్.

తప్పు తన వేళ్లదేనన్న మాట కోసం తల దించుకుంది. మాస్టారు వేళ్లవైపే చూడలేదు. నన్ను అందుకుని, ఒక కన్ను మూసి, తుపాకీ గురిపెట్టినట్టు నా మెడ పొడవునా చూశాడు. నా ఊపిరి ఆగిపోయింది.

"ఇంతకుముందు నేర్పినోళ్లు దీన్ని ఒక్కసారన్నా చేతిలోకి తీసుకున్నారా?"

"లేదండీ. వాళ్ల గిటార్లు వాళ్లకున్నాయిగా."

"తప్పు నీ వేళ్లది కాదమ్మా. దీని మెడ వంగిపోయింది."

కెజియా కళ్లు ముందు తడిశాయి, తర్వాత మండాయి. "ఏడు వారాల్నుంచి దీనివల్లా నా వేళ్లు కోసుకుపోతా ఉన్నది!" తన్నేస్తుందనే అనుకున్నాను.

"లోపల ఇనప ఊచ ఉంటది. తిప్పితే మెడ సర్దుకోవచ్చు. పాతది, విరగనూ వచ్చు. నీ వస్తువు, నువ్వు చెప్పు."

ఆమె నా మెడ కింద అరచెయ్యి ఆనించింది. "మెడకు దెబ్బ తగిలినోళ్లని చూస్తానే ఉంటానండీ. మేం పారెయ్యం. తిప్పండి."

తీగలు వదులు చేశాడు. ఊచను తిప్పే చిన్న పానా తగిలించాడు. కదల్లేదు. నూనె చుక్క వేసి మళ్లీ పట్టాడు. కిర్రుమన్నాను. కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు చప్పున చెయ్యి తీసేశాడు.

"ఇవాళ్టికింతే. రేపు ఇంకో పావు చుట్టు."

"ఇంకొంచెం తిప్పితే ఇవాళే అయిపోద్ది కదండీ?"

"అయిపోద్దమ్మా. గిటారే అయిపోద్ది."

నాలుగు రోజులు పట్టింది. మెడ మీద వెంట్రుకంత గీత పడింది, విరగలేదు. మిగిలిన రోజులన్నీ మాస్టారు ఒక్క పాటే నేర్పాడు.

ఈస్టర్ తెల్లవారుజామున, ముందు వరసలో సలోమి. రెండో చరణంలో ఎఫ్ వస్తుంది. కెజియా చూపుడువేలు అడ్డంగా దిగింది. ఆరు తీగలూ మోగాయి.

ఆరాధన అయ్యాక సలోమి నసుగుతూ వచ్చింది. "మా పిల్లకి నేర్పిద్దామనుకుంటున్నా. మస్తాన్ మాస్టారి దగ్గర ఖాళీ లేదంట. ఇంకెవరన్నా మంచోళ్లున్నారా?"

కెజియా నన్ను వదిన చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్లు. మాస్టారెవరైనా దీన్ని ముట్టుకోకుండానే పిల్ల వేళ్లకి వంక పెడితే లేచి వచ్చెయ్యండి. దీన్ని పట్టి చూస్తే, క్లాసయ్యేదాకా కూర్చోండి."

సలోమి నన్ను అటూ ఇటూ తిప్పింది. ఏం చూడాలో తెలియకపోయినా ఒక కన్ను మూసి, నా మెడ పొడవునా చూసింది. ఈసారి నేను ఊపిరి బిగపట్టలేదు.