ఇంటి బైబిల్లో ఎల్బర్ట్ చావు

ఎల్బర్ట్ చనిపోయి యాభై ఏళ్లు దాటింది. ఆ సంగతి ఇంటి బైబిల్లో, పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ నడుమ ఇంటివాళ్ల మరణాలు రాసుకునే పేజీలో, అమ్మ చేతిరాతతో ఉంది. కొరియా యుద్ధంలో పోయాడని తంతి రాగానే ఆమె రాసేసింది. ఎనిమిది నెలలకు శత్రువుల చెర విడిపించుకుని అతను బస్సు దిగాడు. అమ్మ కావలించుకుంది, మొక్కజొన్న రొట్టె పెట్టింది, ఆ పేజీని మాత్రం ముట్టుకోలేదు. ఈ గ్రంథంలో మాట తీసేసినవాణ్ణి దేవుడు వదలడని చివర్లోనే రాసి ఉందని ఆమె వాదన. అది దేవుడి మాటల గురించమ్మా అని పాస్టరు నచ్చజెప్పబోయాడు. రెంటికీ పైనున్న అట్ట ఒకటే కదా, అంది.

బతికున్నవాళ్లలో పెద్దవాళ్ల దగ్గర బైబిలు ఉండడం ఆ ఇంటి ఆచారం. ఇప్పుడు అక్క వెర్నా కెంటకీ కొండల్లోని ఇల్లు వదిలి కూతురి దగ్గరికి పోతూ, దాన్ని చిన్న తమ్ముడు డెల్మర్‌కి ఇస్తానంది. మధ్యవాడు ఎల్బర్ట్ చొక్కా జేబులో వైట్‌నర్ సీసా వేసుకుని వచ్చాడు.

"నేను బతికే ఉన్నానక్కా."

"నేను కాదన్నానా? పుస్తకం ఒప్పుకోవద్దూ?" అంది వెర్నా, చిక్కుడుగింజలు కలుపుతూ.

తన చావును కళ్లారా చూసుకునే ధైర్యం చాలక అతను ఇన్నేళ్లూ ఆ పేజీ తెరవలేదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ముఖం నిజమా, అమ్మ రాత నిజమా అని కత్తి ఆగిన రోజులున్నాయి. తనకన్నా అమ్మకు పుస్తకమే ఎక్కువని లోలోపల తేల్చుకున్నాడు కూడా.

సీసా మూత తీసి పేజీ తెరిచాడు. తాత, నాయనమ్మ, పురిట్లో పోయిన కవలలు, నాన్న. అన్నీ కంచె గుంజల్లా నిటారుగా, పొడిగా ఉన్న అక్షరాలు. ఒక్క అతని పేరు దగ్గరే సిరా చెదిరి, చుక్కలు చుక్కలుగా అలుక్కుపోయింది. నాన్న శవపేటిక దగ్గర కూడా అమ్మ ఏడవలేదు.

చేతిలో కుంచె ఎండిపోయింది. అతను మూత బిగించాడు.

"డెల్మర్‌కే ఇచ్చెయ్. నా పేరు దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకూడదని గట్టిగా చెప్పు."

వెర్నా అతని ముఖంకేసి చూసి, పళ్లెంలో చిక్కుడుగింజలు వడ్డించింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడోసారి పళ్లెం చాపినప్పుడు మాత్రం ఆగలేకపోయింది.

"చచ్చినవాడికి ఇంత ఆకలేమిట్రా?"