సున్నం గీత

మానవపాడు హైస్కూల్లో సైన్సు చెప్పిన మొదటి పదేళ్లూ నాకు ఒకటే కోరిక. మా బడి నుంచి ఒక్కరైనా గద్వాల డివిజను సైన్సు ప్రదర్శనలో గెలిచి జిల్లా పోటీకి పోవాలి. 2007లో ఆ పిల్ల దొరికింది. పేరు తేజస్విని, తొమ్మిదో తరగతి. విత్తనాల కోసం పత్తి వేసే వెంకటన్న కూతురు. పొద్దున్నే చేన్లో పత్తిపూలకు పుప్పొడి అద్ది, ఆ చేతులతోనే బడికి వచ్చేది.

ఆ ఏడాది పేపర్ల నిండా మంచు గొడవే. ధ్రువాల మంచు కరిగి సముద్రం జానెడు పెరుగుతుందని ఒకరు, నిలువెత్తు పెరుగుతుందని ఇంకొకరు, అంతా ఉత్తదేనని మరొకరు. నేను ఊరుకుంటానా? నీలం చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశాను: ‘నీళ్లలో తేలే మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది.’ ప్రయోగమూ నేనే చెప్పాను. గాజు తొట్టిలో నీళ్లు, నీళ్లలో ఐసు. ఒక్కసారైనా చేసి చూశామా అంటే, లేదు. మా ఊళ్లో ఐసు దొరికేది ఐస్‌ఫ్రూట్ బండి మీదే. అది పిల్లల నోళ్లు దాటి తొట్టి దాకా వస్తుందా!

ప్రదర్శన నాడు గద్వాలలోనే ఐసు దిమ్మ కొని, ఊక పోసిన గోనెసంచిలో చుట్టి తెచ్చాం. తేజస్విని నీళ్లలో ఐసు ముక్కలు వేసింది. రుమాలు ముడి విప్పి, సున్నం తీసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తొట్టి బయట గీత గీసింది.

“స్కేలు లేదామ్మా?” అని నవ్వారు జితేందర్ సారు. ఆయన కాలేజీ లెక్చరరు, ఆనాటి న్యాయనిర్ణేత.

“మా బావి ముగ్గురన్నదమ్ములది సార్. వంతు మారినప్పుడల్ల మా అవ్వ బావి లోపలి రాయి మీద గిట్లనే గీస్తది. ఎవరెంత తోడిన్రో గీతే చెప్తది. కొట్లాట ఉండదు.”

ఐసు మొత్తం కరిగింది. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, వెంట్రుకవాసి కదల్లేదు.

సారు నా చార్టును పైకి చదివి, “అయితే సముద్రం పెరగదన్నమాట. పేపర్లోదంతా ఉత్తదేనా?” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. పదేళ్ల కోరిక నా చేతులతోనే నేను పాడుచేశాను.

తేజస్విని మాత్రం గీతనే చూస్తోంది.

“సార్, ఐసు ఏసినంకనే కద గీత గీసిన. అది అప్పటికే నీళ్లల్ల ఉండె. బావిలున్నది బావిలనే ఉంటే నీళ్లెట్ల పెరుగుతయి? గట్టు మీద పడ్డ వాన లోపలికి దిగితేనే కద పెరిగేది!”

అంటూనే బయటికి ఉరికింది. బండరాయి ఒకటి తెచ్చి, కడిగి, తొట్టిలో నిలబెట్టింది. పాత గీత తుడిచి కొత్తది గీసింది. మిగిలిన ఐసును నీళ్లకు తగలకుండా రాయి నెత్తిన పెట్టింది. ఐసు సగం కరిగాక తేజస్విని జితేందర్ సారు దగ్గరికే నేరుగా పోయింది.

“సార్, జర ఇంకోసారి రాండ్రి.”

నీళ్లు గీత దాటి వేలెడు పైకొచ్చాయి.

“తేలేటి మంచు కరిగితే పెరగదు సార్. నేల మీదున్న మంచు కరిగి దిగితే పెరుగుతది. జానెడా, నిలువెత్తా, నాకు తెల్వదు. ఉత్తది మాత్రం కాదు.”

“మరి చార్టు మీద తప్పు రాసిందెవరు?”

“మేమే సార్. ఐసు దొరక్క చేసి చూడలే. ఇప్పుడు చూసినం, దిద్దుతం.”

‘మేము’ అంది ఆ పిల్ల. నా పేరు చెప్పలేదు. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

“నేను రాశాను సార్,” అన్నాను గట్టిగా, అందరూ వినేలా. “ఆంజనేయులు, సైన్సు టీచర్ని. దిద్దింది నా విద్యార్థి.”

ఆ సాయంత్రం మొదటి బహుమతికి తేజస్విని పేరు పిలిచారు. చార్టు మాత్రం ఆమెను అడిగి నేనే తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా ల్యాబు గోడ మీద అదే ఉంది, నా వాక్యాన్ని కొట్టేస్తూ ఆమె గీసిన సున్నం గీతతో. ఏటా కొత్త తరగతికి నా మొదటి పాఠం అదే.